253 వోల్టులు దాటితే చాలు, సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోంది

కారణం దొరికింది! సగమే దొరికింది. అయినా మూడు వారాల తర్వాత నిన్న రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

అనంతపురం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్ళు. అయినా పదకొండున్నర నుంచి రెండు మధ్య, వాటి కరెంటును ఇంటికీ లైనుకూ పంపే ఇన్వర్టర్ ఆగడం, కాసేపటికి మళ్ళీ లేవడం. ఆదివారం మరీ ఎక్కువ. "ఇంత ఎండ కాస్తాంటే మిషను పండుకుంటాదేంరా?" అని మా నాయన రోజూ అడగడమే.

ఇన్వర్టర్ యాప్ ఐదు నిమిషాలకో రీడింగ్ ఇస్తుంది, ఈ జబ్బు దానికి చిక్కదు. అందుకే ఇన్వర్టర్ లెక్కలు బయటికిచ్చే ఆర్‌ఎస్‌485 పోర్టుకు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు తగిలించి ఐదు సెకన్లకోసారి చదివిస్తున్నా. అది మొదటి రోజే పనిచేసింది.

ముందు వేడి అనుకున్నా. వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు (హీట్‌సింక్) 64 డిగ్రీలున్నాయి. కానీ వేడికైతే పవర్ మెల్లగా తగ్గాలి, ఇక్కడ 2.4 కిలోవాట్ల నుంచి ఒక్కసారిగా సున్నా. ఆగే ముందు వోల్టేజ్ చూస్తే ప్రతిసారీ 253 పైనే. మామూలు 230 వోల్టులకు పది శాతం కలిపితే వచ్చే హద్దు అదే, అది దాటితే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది.

మంగళవారం పన్నెండుంబావుకు గేటు దగ్గర మీటర్‌లో 249.5, అదే సమయానికి ఇన్వర్టర్ దగ్గర 255.6. కరెంటు ఇన్వర్టర్ నుంచి గేటు వైపు పోతుంది కాబట్టి ఇటు కాస్త ఎక్కువుండాలి, కానీ మధ్యలో 6.1 వోల్టులు ఎక్కడ పెరుగుతున్నాయి? 28 మీటర్ల 4 స్క్వేర్ (చదరపు మి.మీ. మందం) రాగి కేబుల్, రానూపోనూ 56 మీటర్లు, దాదాపు పది ఆంపియర్లు. ఎంత లెక్కేసినా మూడు వోల్టులు మించదు. మిగతా మూడు?

పొద్దుగూకాక రెండు వైపులా స్విచ్‌లు ఆపి, ఇన్వర్టర్ నుంచి వచ్చే కరెంటు వైర్లు కలిసే ఏసీ డబ్బా విప్పాను. న్యూట్రల్ టెర్మినల్ దగ్గర వైరు తొడుగు బెల్లం రంగుకు తిరిగి, గోరుతో గీకితే పొడిలా రాలింది. స్క్రూ ఒకటిన్నర చుట్టు తిరిగింది! మూడు వోల్టులు, పది ఆంపియర్లు అంటే ముప్పై వాట్ల వేడి ఆ చిన్న స్క్రూ దగ్గరే. తలుచుకుంటేనే టెన్షన్. కాలిన ముక్క కత్తిరించి, వైరు కొసకు కొత్త లగ్ (లోహపు తొడుగు) వేసి, టెర్మినల్ మార్చి బిగించాను. మీ డబ్బాలు కూడా ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు తేడా 3 వోల్టులు. రోజుకు పదకొండు సార్లు ఆగేది, నిన్న రెండే. ఆగిన ప్రతిసారీ ఐదు నిమిషాలు పోతాయి కాబట్టి రోజుకు రెండు యూనిట్లకు దగ్గరగా పోగొట్టుకుంటున్నాం ఇన్నాళ్ళూ.

సెట్టింగ్‌లో హద్దు 260కి పెంచుకోమని ఒకరు సలహా ఇచ్చారు. నేను చెయ్యను. ఆ వోల్టేజ్ మా ఫ్రిజ్ కూడా భరించాలి కదా. మేము ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర, మూడో స్తంభం, అందుకే మధ్యాహ్నం లైన్ వోల్టేజే ఎక్కువగా ఉంటోంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ మార్చే ట్యాప్ ఒక మెట్టు తగ్గించమని అర్జీ పెట్టాలి.

ఈలోగా 10 స్క్వేర్ కేబుల్ లాగాలి. లెక్క ప్రకారం తేడా ఒక్క వోల్టుకు దిగాలి. ఫినోలెక్స్ తీసుకుంటా, ఇంటి వైరింగ్‌లో పదేళ్ళుగా నమ్మకంగా ఉంది. ఇంకోటి, నిన్న 252 ఉన్నప్పుడు బోరు మోటరు వేస్తే వెంటనే 250.8కి దిగింది. కాబట్టి 251.5 దాటగానే మోటరో గీజరో దానంతటదే ఆన్ అయ్యేలా రిలే (ఆటోమేటిక్ స్విచ్) పెట్టాలి. ట్యాంకు నిండితే ఏం చెయ్యాలన్నదే ఇంకా తేలలేదు. నీటి మట్టం కనిపెట్టే ఫ్లోట్ స్విచ్ శనివారం తెస్తా.