మస్కాదే ఉన్న శనివారం

నాంత్ (ఫ్రాన్స్), శనివారం

పొద్దున్నుంచీ ముసురే. తాలాన్సాక్ మార్కెట్‌కి వెళ్లేసరికి చేపల కొట్ల ముందు అప్పుడే క్యూ. మా ఆయనకి ఆయిస్టర్లంటే ప్రాణం, నాకేమో పచ్చివి గొంతు దిగవు. ఆయనకి ఒక డజను అవి, నాకు కిలో మసెల్స్ (నల్ల చిప్పలు) తీసుకున్నాం. ఆయిస్టర్లు కొన్నాక ఇంట్లో మస్కాదే అనే ఇక్కడి తెల్ల వైన్ లేకపోతే ఈ ఊళ్లో నవ్వుతారు.

వాన తెరిపిచ్చాక క్లిస్సాన్ వైపు కారులో బయల్దేరి, ఎప్పుడూ కొనే రైతు దగ్గరికి వెళ్లాం. సెవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదుల పక్కనంతా ఈ తోటలే. ఆకులు రాలి తీగలు మోడుల్లా ఉన్నాయి. ఈ ద్రాక్ష పేరు మెలోన్ ద బుర్గోఞ్. తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ పిల్లే గానీ పుట్టింట్లో ఇప్పుడు దాదాపు కనబడదు, మెట్టినింట్లోనే స్థిరపడిపోయింది. 17వ శతాబ్దంలో డచ్ వర్తకులు బట్టీలో కాచి బ్రాందీ చేసుకోడానికి ఇక్కడి తెల్ల వైన్ ఓడల్లో తీసుకుపోయేవాళ్లు. ఆ గిరాకీకి తెల్ల ద్రాక్ష పెరిగింది. తర్వాత 1709 చలికాలంలో సముద్రం అంచులు కూడా గడ్డకట్టాయి, తోటలు నాశనమయ్యాయి. మళ్లీ నాటేటప్పుడు చలికి ఓర్చుకునే మెలోన్ వైపే రైతులు మొగ్గారు. అంత ఓర్పున్న తీగకి కూడా చిగుళ్లు వేశాక మంచు పడితే దిక్కులేదు. 2021 ఏప్రిల్ మాటెత్తితే ఈ రైతు ఇప్పటికీ తల పట్టుకుంటాడు.

ఈయన దగ్గర వరసగా పేర్చిన చెక్క పీపాలు కనబడవు. నేలలో కట్టిన సిమెంటు తొట్లు, లోపల గాజు పలకలు. మనం నడిచేది వాటి మూతల మీదే. ఒక మూత ఎత్తి చూపిస్తే గుప్పున పులిసిన పిండి వాసన! పులియడం అయిపోయాక ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా దిగుతుంది. చాలాచోట్ల పైతేట వేరే తొట్టిలోకి తోడేస్తారు. సీసా మీద ‘స్యుర్ లీ’ (మడ్డి మీద) అని వేసుకోవాలంటే మాత్రం చలికాలమంతా మడ్డి మీదే ఉంచి, అక్కణ్నుంచే నేరుగా సీసాల్లో పట్టాలి. అదీ మార్చి 1కి ముందు కుదరదు. నాలుక మీద ఆ చిన్న చురుకు, పల్చగా ఉన్నా నోరు నిండినట్టుండటం అందుకే. 2011లో క్లిస్సాన్, గోర్జ్, ల పాలే ఊళ్లకి తమ మస్కాదేని సొంత పేరుతో అమ్ముకునే హక్కొచ్చింది. ఆ వైన్లు ఏడాదిన్నర, రెండేళ్లు మడ్డి మీదే ఉంటాయి. బాగుంటాయి, కానీ ఖరీదు. మాకు మామూలుదే చాలు.

నిజం చెప్పాలంటే ఒట్టిగా తాగితే మస్కాదేలో పెద్ద విశేషమేమీ లేదు. కాస్త నిమ్మ పులుపు, లేత ఉప్పదనం, అంతే. పక్కన సముద్రపు తిండి ఉంటేనే దీని పనితనం తెలుస్తుంది. రాత్రి వెన్నలో చిన్న ఉల్లి వేయించి, ఒక గ్లాసు వైన్ పోసి, మసెల్స్ వేసి మూత పెట్టాను. ఐదు నిమిషాల్లో చిప్పలన్నీ నోళ్లు తెరిచాయి. అడుగున మిగిలిన ఆ రసంలో రొట్టె ముంచుకుని తింటే చిప్పల మాటే మర్చిపోయాను. బర్ బ్లాన్ అని ఇక్కడ ఇంకోటుంది, చిన్న ఉల్లి, వెనిగర్, బోలెడు వెన్న కలిపిన సాస్. నది చేప మీద పోసుకుంటారు. దానికీ ఇదే జోడీ.

చేపల పులుసుతో మాత్రం వద్దు. చింతపండు ముందు ఇది నీళ్లయిపోతుంది. మిరియాల రొయ్యల వేపుడుతో నయం. ఆల్కహాల్ 12 శాతం చుట్టుపక్కలే కాబట్టి ఘాటుని ఎగదొయ్యదు. సీసాలో ఇంకో గ్లాసుడు మిగిలింది. రేపు రొయ్యలు వేపుతానని, కారం తగ్గిస్తానని మా ఆయనకి మాటిచ్చాను. రొయ్యల వరకు గ్యారంటీ.