నొక్కి చూడకూడని కెమెరా

టోక్యోలో ఉద్యోగానికి చేరిన మూడో ఏడు నాకు నికాన్ ఎస్3 పిచ్చి పట్టింది. 1958 నాటి రేంజ్‌ఫైండర్ కెమెరా అది, అంటే రెండు బొమ్మలను కలిపి ఫోకస్ కుదుర్చుకునే రకం. మరుసటి ఏడాదే అదే కంపెనీ కొత్త కెమెరా నికాన్ ఎఫ్ వచ్చి దాన్ని వెనక్కి నెట్టేసింది. అలాంటి కెమెరాను 2000లో, లోకమంతా డిజిటల్ వైపు మళ్లుతున్న రోజుల్లో, ఆ కంపెనీయే మళ్లీ కొత్తగా తయారు చేసింది. వెండి రంగువి 8,000. ఆ తర్వాత 2002లో నల్లవి 2,000. బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే లైట్ మీటర్ లేదు. స్ప్రింగులు, పళ్లచక్రాలు, గుడ్డ షట్టర్, అంతే. వదిలేసిన పనిని నలభై ఏళ్ల తర్వాత మళ్లీ చేసి చూపించారన్న ముచ్చటే నన్ను లాగింది.

షింజుకులో పాత కెమెరాల దుకాణాలు నాలుగు తిరిగాను. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం పెట్టె దిగనివే. ఒక దుకాణంలో పెద్దాయన తెల్లని చేతి తొడుగులు వేసుకుని, నల్ల మఖమల్ గుడ్డ మీద ఒకటి పెట్టారు. షట్టర్ నొక్కి చూడవచ్చా అని అడిగాను.

"నొక్కితే ఇక వాడనిది అని అమ్మలేను. మీరు వాడుకుంటారా, దాచుకుంటారా?"

వాడుకుంటానన్నాను. ఆయన ముఖం వెలిగింది. లోపలికి వెళ్లి పెట్టె లేనిది, అడుగున గీతలు పడినది తెచ్చారు. ధర బాగా తక్కువ. బుద్ధి ఉన్నవాడు అదే కొంటాడు. నేను పెట్టె ఉన్నదే కొన్నాను.

కొని ఏం చేశాను? నాలుగు నెలలు అలమరలో పెట్టాను. వారానికోసారి తీసి, తుడిచి, మళ్లీ లోపల పెట్టడం. ఏప్రిల్‌లో విజయవాడ నుంచి వచ్చిన అమ్మ అది చూసింది. "నా పట్టుచీరలకైనా ఏడాదికి రెండు పెళ్లిళ్లు తగులుతాయి. దీనికి అదీ లేదా?" అంది.

ఆ రాత్రే ఫిల్ము ఎక్కించాను. ఎస్3కి వెనుక తలుపు తెరుచుకోదు. అడుగు భాగంతో కలిపి మొత్తం ఊడి చేతికి వస్తుంది. ఒళ్లో టవల్ పరుచుకుని, ఊపిరి బిగబట్టి చేశాను. మొదటిసారి లివర్ తిప్పి షట్టర్ నొక్కినప్పుడు వచ్చిన ఆ మెత్తని చప్పుడుతో కొన్ని వేల యెన్‌లు గాలిలో కలిశాయని తెలుసు. హాయిగానే అనిపించింది.

మర్నాడు ఉయెనో పార్కు. వ్యూఫైండర్‌లో అన్నీ ఉన్న పరిమాణంలోనే కనిపిస్తాయి కనుక రెండు కళ్లూ తెరిచి చూడవచ్చు. షట్టర్ బటన్ పక్కనే ఉన్న చిన్న చక్రాన్ని వేలి కొనతో తిప్పితే రెండు బొమ్మలు జరిగి ఒకటవుతాయి, ఫోకస్ కుదిరినట్టే. వెలుతురు లెక్క నోటికి వచ్చినదే: 400 వేగం ఫిల్ముకు మంచి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్16, షట్టర్ సెకనులో 500వ వంతు, మబ్బు పడితే రంధ్రం పెద్దది చేసి ఎఫ్8. చెర్రీ పూల కింద అమ్మను రకరకాలుగా నిలబెట్టి పదకొండు ఫొటోలు తీశాను.

పన్నెండో ఫొటోకు అమ్మే అడిగింది: "ముందు ఆ నల్ల మూత తీయక్కర్లేదా?"

రేంజ్‌ఫైండర్‌తో వచ్చిన చిక్కే ఇది. మనం చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. మూత ఉన్నా లోకం చక్కగా కనిపిస్తుంది. మిగిలినవి మూత తీసే తీశాను. డెవలప్ చేయిస్తే మొదటి పదకొండూ ఖాళీ. ఇరవై దాకా బాగానే వచ్చాయి. అమ్మ ఉన్నవి ఆరు. ఆరింటిలోనూ నోరు సగం తెరిచే ఉంది, "అయిందా?" అని అడుగుతూ.