వానాకాలం దాటిన మా లెదర్ బ్యాగులు

విశాఖలో లెదర్ బ్యాగు కొనడం తేలికే, దాన్ని వానాకాలం దాటించడమే కష్టం. సముద్రం పక్కన కాపురం ఉండేవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఉతికిన బట్టలు ఫ్యాన్ కింద వేసినా ఆరవు, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది, అప్పడాలు విప్పిన పూటే మెత్తబడతాయి. ఈ గాలిలో చర్మపు సంచులు ఇనప బీరువాలో మూసి ఉంటే ఏమవుతుందో మొన్న వానలు వెలిశాక చూశాను. పై అరలో వరసగా ఉన్న బ్యాగుల మీద తెల్లగా, అక్కడక్కడ పచ్చగా నూగు పట్టేసింది. తలుపు తీయగానే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది.

మా అత్తగారు ఒక్క చూపు చూసి, "పారేయమ్మా, పిల్లలకి దగ్గులొస్తాయి" అన్నారు. మా ఆడపడుచు ఫోన్లో, "కొబ్బరినూనె పట్టించు వదినా, కొత్త దానిలా అయిపోతుంది" అంది. ఆఫీసులో ఒకాయన బూట్ల పాలిష్ పూయమన్నారు. సలహాలకేం, ఇంటింటికీ ఒకటి ఉంటుంది. నేను మాత్రం ముందు ఏ బ్యాగు దేనితో చేసిందో తేల్చుకున్నాకే చెయ్యి పెడదామనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగినా ఇదే చెబుతాను. లెదర్ అని మనం పిలిచేవన్నీ ఒక జాతి కాదు. ఒకదానికి మందైంది ఇంకోదానికి విషం.

మొత్తం నాలుగు రకాలు తేలాయి. మొదటిది చెన్నైలో కొన్న గోధుమరంగు ఆఫీసు బ్యాగు. దాని అంచు కోసిన చోట చూస్తే పైనుంచి కిందిదాకా ఒకటే గోధుమరంగు. అంటే చెట్ల బెరడుతో పదును పెట్టిన, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా శుద్ధి చేసిన తోలు. వాడేకొద్దీ రంగు ముదురుతుంది, చెయ్యి తగిలే చోట నిగనిగలాడుతుంది. దక్షిణాదిలో ఈ పనికి తంగేడు బెరడు, కరక్కాయ వాడేవారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు నుంచి ఇంగ్లండు ఓడలెక్కిన తోళ్లకు పేరు తెచ్చింది ఈ పదునే. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు తెలిసినంతగా ఆ చెట్టు బెరడు సంగతి మనలో చాలామందికి తెలియదు.

రెండోది నల్ల హ్యాండ్‌బ్యాగు. అంచు దగ్గర రంగు కాస్త లేచిపోతే లోపల బూడిద, నీలం కలిసిన ఛాయ కనిపించింది. ఇది క్రోమియం లవణాలతో పదును పెట్టిన రకం. ఈ రోజుల్లో బజారులో దొరికే లెదర్‌లో ఎక్కువ భాగం ఇదే. మెత్తగా ఉంటుంది, తడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. మూడోది శాంతినికేతన్ సంచి, పువ్వులు ఉబ్బెత్తుగా అచ్చువేసి, చేత్తో రంగులద్దింది. నాలుగోదాని మీద ఘనంగా లెదర్ అనే రాసి ఉంది గానీ, చేతిపట్టీ దగ్గర పైపొర పొలుసులుగా రాలిపోయి కింద బట్ట తేలింది. అది పాలియూరితేన్ పూత. గాలిలో తడికి ఆ ప్లాస్టిక్కే విరిగిపోతుంది. వాడకపోయినా, ముట్టుకోకపోయినా రాలుతుంది. దానికి ఏ నూనె రాసినా దండగ. అందుకని దాని జిప్పు, కొక్కేలు కోసి దాచుకుని మిగతాది చెత్తబండిలో వేశాను. అత్తగారి మాట ఆ ఒక్క బ్యాగు విషయంలో నెగ్గింది.

నల్ల బ్యాగు దగ్గర ఇంకో తమాషా జరిగింది. దాని మీద కూడా తెల్లగానే ఉంది కానీ నూగులా లేదు, పొగమంచు పట్టిన అద్దంలా పలచగా పరుచుకుంది. వాసన కూడా లేదు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి జానెడు దూరం నుంచి ఆడించాను. చూస్తుండగానే తెలుపు మాయమై నలుపు తేలింది. అసలైన ఫంగస్ అలా కరగదు. లెదర్ తయారీలో మెత్తదనం కోసం పట్టించిన కొవ్వులు, మైనాలు కొన్నిసార్లు పైకి తేలి ఇలా తెల్లగా పేరుకుంటాయి. వెచ్చబెట్టి పొడిబట్టతో తుడిస్తే చాలు. ఇది తెలియనివాళ్లు ఫంగస్ అనుకుని స్పిరిట్‌తో రుద్ది రంగు లేపేసుకుంటారు. తెల్లగా కనబడిందల్లా బూజు కాదన్నమాట.

గోధుమరంగు బ్యాగు మీదది మాత్రం సిసలైన బూజే. దాన్ని ఇంట్లో దులపకూడదు. ఆ పొడి మళ్లీ బట్టల్లోకి, పరుపుల్లోకి చేరుతుంది. మాస్కు కట్టుకుని డాబా మీదకు తీసుకెళ్లి, గాలి నా మీద నుంచి అవతలికి పోయేలా నిలబడి, పాత షేవింగ్ బ్రష్‌తో దులిపాను. కుట్ల సందుల్లో, జిప్పు పక్కన, అడుగున ఇత్తడి బుడిపెల చుట్టూ ఎక్కువ ఉంది. తర్వాత మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చి, అంతే నీళ్లు కలిపి, పాత నూలు పంచె ముక్క తడిపి గట్టిగా పిండి తుడిచాను. ముందు అడుగుభాగంలో, ఎవరికీ కనబడని చోట అద్ది చూశాను. బట్టకు లేత గోధుమరంగు కాస్త అంటింది, తోలు మీద మచ్చ మాత్రం పడలేదు. అప్పుడే మిగతా చోటికి వెళ్లాను. ఒకసారి తుడిచిన బట్ట ముఖంతో మళ్లీ తుడవకుండా మడత మారుస్తూ పోవాలి, లేదంటే ఇక్కడి బూజు తీసుకెళ్లి అక్కడ నాటినట్టే.

అసలు గూడు పైన లేదు, లోపలుంది. లైనింగ్ బట్టను జేబులా బయటకు లాగితే మూలల్లో బిస్కెట్ పొడి, చిల్లర కాగితాలు, ఎప్పుడో కారిన హ్యాండ్ క్రీము. తడితో పాటు తిండి కూడా ఉంటే బూజుకు అంతకన్నా ఏం కావాలి? గాలిలో తేమ 70 శాతం దాటి కొన్నాళ్లు నిలబడితే చాలు, ఎక్కడో ఉన్న విత్తనాలన్నీ మొలకెత్తుతాయి. తోలులో ఉన్న నూనెలు, పట్టీకి అంటిన మన చేతి చెమట, అన్నీ వాటికి భోజనమే. లైనింగ్‌ను వ్యాక్యూమ్ పెట్టి లాగి, అదే ద్రావకంతో తుడిచాను. బీరువా అరలు కూడా తుడిచాను. బ్యాగు శుభ్రం చేసి పాత అరలోనే పెడితే చేసినదంతా వృథా.

శాంతినికేతన్ సంచికి స్పిరిట్ తగలనివ్వలేదు. చేత్తో అద్దిన రంగులు స్పిరిట్‌కు కదిలిపోతాయి, నీళ్లకూ భయమే. పొడి బ్రష్, ఆ తర్వాత పొడి బట్ట, అంతే. ఉబ్బెత్తు పువ్వుల సందుల్లో ఇంకా కొద్దిగా నీడలా ఉంది. ఉండనీ.

ఆరబెట్టడం దగ్గర ఇంట్లో మళ్లీ వాదన. ఎండలో పడేస్తే బూజు చస్తుంది కదా అన్నారు మావారు. చస్తుంది నిజమే, కానీ తోలులో ఉన్న నూనె, తేమ కూడా లాగేసుకుని అట్టలా బిగుసుకుపోతుంది, రంగు ఒకవైపే వెలిసిపోతుంది. అందుకే నీడలో, ఫ్యాన్ కింద, మూతి తెరిచి, లోపల పాత కాటన్ తువ్వాళ్లు కుక్కి పెట్టాను. న్యూస్‌పేపర్లు కుక్కితే తడికి ఆ సిరా లైనింగ్‌కు అంటుతుంది.

ఈలోగా ఆఫీసు బ్యాగు పట్టీ మొదట్లో కుట్టు వదిలినట్టు కనిపించింది. పూర్ణా మార్కెట్ వైపు చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. పట్టీని రెండు వేళ్ల మధ్య వంచి, వెలుగులోకి తిప్పి చూసి, "ఏటమ్మా, దారమే కుళ్లింది, తోలు బాగానే ఉంది" అన్నాడు. బకిల్ పక్కన రెండు కుట్లు కొత్తగా వేయమంటే ఒప్పుకోలేదు. "పాత సిల్లుల్లోనే కుట్టాల. పక్కపక్కనే కొత్త సిల్లులెడితే స్టాంపు కాయితంలాగ సిరిగిపోద్ది" అన్నాడు.

ఆయన పనితనం చూసి తీరాలి. పాత దారం ముక్కలు ఒక్కొక్కటీ పీకేశాడు. కొత్త దారాన్ని మైనపు ముద్ద మీద అటూ ఇటూ గీసి, వేళ్ల మధ్య లాగి నునుపు చేశాడు. కొక్కెం ఉన్న ఆరె, అదే చెప్పులు కుట్టే సూది, పాత చిల్లులో దిగేది, అడుగున దారాన్ని పట్టుకుని ఉంగరంలా పైకి లాక్కొచ్చేది. ఆ ఉంగరంలోంచి రెండో కొస దూర్చి, రెండు చేతులా రెండు వైపులకూ ఒక్క గుంజు. ఆ ముడి కాస్తా తోలు లోపలికి దిగి కూచుంది. చివర్లో సుత్తితో కుట్టు వరస మీద మెల్లగా తట్టాడు. అరవై రూపాయలు అడిగాడు. అదే పట్టీ మార్చాలంటే షోరూములో చెప్పిన ధరకు కొత్త సంచి వచ్చేస్తుంది.

బకిల్ చుట్టూ ఉన్న పచ్చ జిగురు సంగతి కూడా ఆయనే చెప్పాడు. అది బూజు కాదు, చిలుం. ఇత్తడిలో ఉండే రాగి, తోలులోని కొవ్వు కలిసి ఆ పచ్చటి ముద్ద తయారవుతుంది. టూత్‌పిక్‌తో గీకి, పొడిబట్టతో తుడిచాను. ఇత్తడి కదా అని చింతపండు పెట్టబోయేరు. ఆ పులుసు తోలులోకి ఇంకితే మచ్చ జన్మలో పోదు. స్నానం సబ్బు కూడా అంతే. తోలు స్వభావం కాస్త పులుపు, సబ్బుది క్షారం. రెండూ పొసగవు.

ఇక కొబ్బరినూనె. ఆడపడుచు మాట తీసేయకూడదు కాబట్టి పట్టీ లోపలివైపు, అంగుళం మేర, చుక్క నూనె రాసి పక్కన పెట్టాను. మిగతా పట్టీకి తేనెమైనం కలిసిన లెదర్ కండిషనర్, బఠాణీ గింజంత, బట్టకు అద్ది పలచగా రుద్దాను. మర్నాటికి నూనె రాసిన అంగుళం కాఫీ ఒలికినట్టు నల్లబడింది. తర్వాత కూడా తేలలేదు. ముసురు పట్టిన ఒక వారం చూద్దును కదా, మిగతా బ్యాగంతా శుభ్రంగా ఉంటే ఆ అంగుళం మీదే మళ్లీ తెల్లటి నూగు! పైగా కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు రాత్రుళ్లు తోలు మీద తెల్లగా పేరుకునే అవకాశమూ ఉంది. ఫొటో తీసి ఆడపడుచుకు పంపాను. "మా అమ్మమ్మ చెప్పులకు ఆముదం రాసేదిలే" అని మాట మార్చింది. ఆముదం పరీక్ష నేను పెట్టుకోలేదు. బూట్ల పాలిష్ కూడా పెట్టలేదు. ఆ రంగు బూటుకైతే ఫరవాలేదు, భుజాన వేసుకునే బ్యాగు నుంచి తెల్ల చుడీదారుకు ఎక్కితే ఎవరు ఉతుకుతారు?

కండిషనర్ కూడా నెలనెలా అక్కర్లేదు. తోలు పొడిబారి, వంచిన చోట సన్నగా గీతలు తేలినప్పుడు చాలు. మా ఊళ్లో అయితే ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ వానలు పోయాకే. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి వేరే సమస్య. అక్కడ వేసవి పొడిగాలికి బ్యాగు బూజు పట్టదు, బీటలిస్తుంది. వాడికి మార్చిలోనే రాయమని చెప్పాను.

ఇప్పుడు బ్యాగులు పాలిథిన్ కవర్లలో లేవు. పాత దిండు గలీబుల్లో ఉన్నాయి, గాలి ఆడుతుంది. అరలో చిన్న గుడ్డ మూటల్లో సిలికా జెల్ పెట్టాను, నారింజ రంగులో ఉండి, తడి పీల్చాక ఆకుపచ్చకు తిరిగే రకం. తిరిగిన వాటిని ఓవెన్‌లో వెచ్చబెడితే మళ్లీ నారింజ రంగుకు వస్తాయి. అయినా వాటికంటే పనిచేసేది బ్యాగును తరచూ వాడటమే. వారంలో రెండు రోజులు భుజానికెక్కే నల్ల బ్యాగుకు ఫంగస్ వాసనే తగలలేదు.

ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు. గోధుమరంగు బ్యాగు ముందు మూత మీద బాల్‌పెన్ గీత. తోలులోకి ఇంకిపోయింది. ఆల్కహాల్ గట్టిగా వాడితే సిరాతో పాటు తోలు రంగూ వస్తుంది, అప్పుడు గీత పోయి మరక మిగులుతుంది. చెప్పుల పెద్దాయన, "మూతంతా రంగెయ్యమంటావా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆ రంగు పూస్తే తంగేడు తోలు మీది మెరుపంతా ఒక పూత కింద పడిపోతుంది. గీతను అలాగే వదిలేసి, పెన్నులకు మాత్రం జిప్పున్న చిన్న డబ్బా ఒకటి కొన్నాను.