పాత టర్బో కారుకి మైలేజీ తెచ్చుకున్నాను: నా అనుభవం

నిన్న రాత్రి ట్యాంకు ఫుల్ చేయించి లెక్క చూశాను. లీటరుకు 9.5 కిలోమీటర్లు! కొన్నప్పటి నుంచి 7 దాటని కారు ఇది. రెండు లీటర్ల టర్బో ఇంజిను, మాన్యువల్ గేర్లు, ఇరవై ఏళ్లు దాటిన వయసు. ‘ఇలాంటి కార్లింతే’ అన్న మాట విని సర్దుకుపోయినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల కోసం ఇది వెంటనే రాస్తున్నాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. టైర్లలో గాలి డోరు ఫ్రేము మీది స్టిక్కరులో ఉన్నంత పెట్టించాను. ఎయిర్ ఫిల్టర్ మార్చాను. కాసేపు నడిపి ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూస్తే వెనక ఎడమది ఒక్కటే సెగలు కక్కుతోంది. కాలిపర్ పిన్ను తుప్పుపట్టి బ్రేకు పూర్తిగా వదలడం లేదు. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోయింది. వీటితో కొంత మెరుగైంది గానీ అసలు జబ్బు అలాగే ఉంది.

పేరున్న వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. బండి చుట్టూ ఒకసారి తిరిగి ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్’ అన్నారు, అంటే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది. మార్చారు. తేడా లేదు. ‘ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి) క్లీన్ చెయ్యాలి’ అన్నారు. చేశారు. తేడా లేదు. స్కానర్ పెట్టి లైవ్ డేటా, అంటే ఆ క్షణంలో సెన్సర్లు చెప్పే అంకెలు, చూపించండి అని అడిగాను. అక్కడి పెద్ద మెకానిక్, మిగతా కస్టమర్ల ముందే, ‘మైలేజీ లెక్కలు చూసుకునేవాళ్లు ఇలాంటి బండి ఎందుకు కొంటారు సార్?’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బు తీసుకుని పని చేసేవాడు, అడిగినదానికి జవాబు చెప్పడం కనీస మర్యాద కాదా?

వేడెక్కిన ఇంజిన్లో మంచి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ సుమారు 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతూ ఉంటుంది. ముసలిదైతే ఆ ఊపు మందగిస్తుంది. స్కానర్ పెడితే నిమిషంలో కనిపించే సంగతి ఇది. అది చూడకుండా పార్టు మార్చడం మన డబ్బుతో వాళ్లు జూదమాడటమే.

చివరికి స్కానర్ నేనే కొన్నాను. ఫ్యూయల్ ట్రిమ్ (సెన్సర్ మాట విని ఇంజిన్ కంప్యూటర్, అదే ఈసీయూ, పెట్రోలులో చేసే సవరింపు) సున్నాకి దగ్గరగానే ఉంది, ఆక్సిజన్ సెన్సర్ గోల అక్కడితో తేలిపోయింది. కళ్లు తెరిపించిన అంకె వేరే ఉంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు సరిగ్గా మధ్యలో ఉండగా, స్కానర్లో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 71 డిగ్రీలు చూపిస్తోంది. చాలా కార్లలో ఆ ముల్లు ఒక పెద్ద పరిధి మొత్తానికీ మధ్యలోనే నిలబడేలా చేస్తారు, దాన్ని నమ్మకండి. నా ఇంజిన్ ఉండాల్సింది 88 దగ్గర.

థర్మోస్టాట్ (కూలెంట్ తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో అని ముందు అనిపించింది. కానీ అలాగైతే హైవే మీద వేగం పెరిగే కొద్దీ అంకె పడిపోవాలి. ఇది ఎంత వేగంలోనైనా 71 వదలడం లేదు. అంటే వాల్వు బాగానే పనిచేస్తోంది, కాకపోతే తప్పు అంకె దగ్గర. విప్పి చూస్తే అంచు మీద ‘71’ అని చెక్కి ఉంది. పవర్ కోసమని పాత ఓనరు ఎవరో చల్లగా ఉంచే రకం బిగించాడు. రేస్ ట్రాక్ మీద దానికి అర్థముందేమో. రోజూ ఆఫీసుకి వెళ్లే బండిలో మాత్రం ఈసీయూ ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్ చిక్కగానే ఉండి రాపిడి పెరుగుతుంది. ఎర్రర్ కోడూ రాలేదు.

88 రాసి ఉన్నది తెచ్చి నేనే బిగించాను. కూలెంట్ నింపి గాలి పూర్తిగా తీశాను. ఇది మాత్రం తొందరపడకూడని పని, లోపల గాలి మిగిలితే ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంది. ఆ పేరున్న వర్క్‌షాపు చెయ్యలేనిది ఒక మధ్యాహ్నంలో నేను చేశాను, ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

మాడిఫై చేసిన పాత బండి కొనేవాళ్లు కూలెంట్ లైవ్ డేటా చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. మైలేజీ పెరుగుతుందంటూ ఫ్యూయల్ పైపుకి తగిలించే అయస్కాంతాల జోలికి అసలు పోకండి. వాలులో న్యూట్రల్ చెయ్యకండి. గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగుతాయి, న్యూట్రల్లో ఇంజిన్ ఊరికే తిరగడానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది.

ఇక నా బండికి మిగిలింది డైవర్టర్ వాల్వు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో నెట్టిన గాలిని వెనక్కి మళ్లించేది. దాని లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగితే, టర్బో నెట్టిన గాలి కొంత ఇంజిన్‌కి చేరకుండా వెనక్కే జారిపోతుంది. వచ్చే ఆదివారం అది విప్పుతాను.