వడియాల కాపలా

ఆదివారం. తొమ్మిది కాకముందే ఎండ చుర్రుమంటోంది. అత్తయ్య మేడ మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. కాపలా నాది. చేతికి కర్ర ఇచ్చి కిందికి వెళ్ళారు. కర్రతో పాటు మా అబ్బాయి రఫ్ నోట్‌బుక్కూ, పెన్నూ కూడా తెచ్చుకున్నానని ఆవిడకి తెలీదు.

దీనికంతటికీ కారణం కోతుల మీద పరిశోధన చేసిన జీన్ ఆల్ట్‌మన్. వారం నుంచి ఆవిడ గురించే చదువుతున్నాను. డిగ్రీలో చదివింది లెక్కలు, నాలాగే. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పుకుంటున్నాను, ఆవిడ కెన్యా వెళ్ళి కిలిమంజారో కొండ దగ్గర అంబోసెలిలో బబూన్ కోతుల వెంట నడిచారు. మొదటిసారి వెళ్ళింది 1963లో. 1971లో మొదలైన పరిశీలన ఇన్నేళ్ళుగా సాగుతూనే ఉంది. ఏ కోతి ఎవరి బిడ్డో, ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు పోయిందో అంతా రాసి ఉంటుంది. మా వంశంలో ముత్తాత పేరు దాటితే చెప్పేవాళ్ళు లేరు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం జంతువుల్ని ఎలా గమనించాలో 1974లో ఆవిడ రాసిన వ్యాసం. అప్పటికి పీహెచ్‌డీ కూడా లేదు, అది 1979లో వచ్చింది. చెప్పింది వింటే ‘ఇంతేనా’ అనిపిస్తుంది. మందలోకి వెళ్ళి కంటపడిందల్లా రాసుకుంటూ పోతే చివరికి మిగిలేది కొట్లాటల చిట్టా. అరిచింది నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది, మూలన కూర్చుని పిల్లకి పాలిచ్చేది ఎక్కదు. అందుకని ఒకదాన్ని ముందే ఎంచుకోవాలి, టైమ్ పెట్టుకోవాలి, ఆ టైమ్ అయ్యేదాకా అది ఏం చేసినా, ఏమీ చేయకపోయినా దాన్నే చూడాలి. చదువుతుంటే నా క్లాసు గుర్తొచ్చి సిగ్గేసింది. వెనక బెంచీలో అల్లరి చేసే నలుగురి పేర్లే నాకు నోటికొచ్చు.

9:40కి వచ్చాయి. పొడుగు తోక, నడినెత్తిన పాపిడి తీసినట్టుండే మన పాత కోతులే. పక్కింటి వాటర్ ట్యాంకు మీద, పొట్టకి పిల్లని కరుచుకుని ఒక తల్లి కూర్చుంది. దాన్నే ఎంచుకున్నాను. పది నిమిషాలు, నిమిషానికో గీత.

ఒకటి: కూర్చుంది. రెండు: కూర్చుంది. మూడు: పిల్ల జారబోతే తోక పట్టుకుని వెనక్కి లాగింది. నాలుగు: ఇంకో ఆడకోతి వచ్చి వీపున పేలు చూడటం మొదలుపెట్టింది. అయిదు: అదే పని.

రాస్తూ కాస్త ఆగాను. అంబోసెలిలో ఇలాంటి పొడి పొడి గీతలే పదహారేళ్ళవి కలిపి చూసి 2003లో ఒక సంగతి తేల్చారు. తోటివాళ్ళతో కలిసిమెలిసి, పేలు చూసుకుంటూ గడిపే తల్లుల పిల్లలు మొదటి ఏడాది గట్టెక్కే అవకాశం ఎక్కువట. ఏ ఒక్క నిమిషం చూసినా అందులో చెప్పుకోడానికి ఏమీ ఉండదు. నాకైతే అయిదో గీతకే ఆవులింత వచ్చింది.

ఆరో నిమిషంలో వెనకింట్లో స్టీలు బిందె దొర్లింది. పెద్ద మగకోతి జామచెట్టెక్కి కొమ్మలు ఊపేస్తోంది, కింద ఆ ఇంటాయన చెప్పు విసురుతున్నాడు, చెప్పు పోయి సన్‌షేడ్ మీద పడింది. చూడకుండా ఎలా ఉంటాను?

తల తిప్పేసరికి ట్యాంకు మీద ఎవరూ లేరు. తల్లీపిల్లా మన చీర మీదే ఉన్నారు. తల్లి రెండు దవడలూ అప్పటికే ఉబ్బి ఉన్నాయి.

కర్ర ఎత్తేలోపు గోడ దూకేసింది. చప్పుడుకి అత్తయ్య పైకి వచ్చి, చీర వంకా నా వంకా చూశారు.

“ఇక్కడే కూర్చున్నావు కదమ్మా, మూడు వరుసలు ఎలా పోయాయి?”

నోట్‌బుక్ పైట చాటున పెట్టుకున్నాను. ఆరు, ఏడు గీతలు ఖాళీ.