పక్క వెంచర్‌కి దారేది?

నెల్లూరు నుంచి పొదలకూరు రోడ్డు, ముత్తుకూరు రోడ్డు, మైపాడు రోడ్డు, ఏ వైపు వెళ్లినా వెంచర్ పక్కన వెంచర్. పాత పొలం గట్టే హద్దు, దాని మీద గోడ. లోపల 33 అడుగుల రోడ్లు శుభ్రంగా వేస్తారు, అవి ఆ గోడకు తగిలి ఆగుతాయి. అవతలి వెంచర్ రోడ్డూ అక్కడే ఆగుతుంది. వెనకింటికి పోవాలన్నా మెయిన్ రోడ్డెక్కి, చుట్టు తిరిగి, వాళ్ల గేట్లోంచి రావాలి. ఈ తిరుగుడంతా మెయిన్ రోడ్డు మీదే పడుతుంది. దాన్ని ఎంత వెడల్పు చేసినా చాలదు.

వీధులు ఒకదానితో ఒకటి ఎంత కలిశాయో కొలవొచ్చు. మ్యాప్ ప్రింటు మీద కూడళ్లకీ, రోడ్డు ఆగిపోయిన చోట్లకీ చుక్కలు పెట్టండి. చుక్కల మధ్య రోడ్డు ముక్కల్ని లెక్కపెట్టి, చుక్కల సంఖ్యతో భాగించండి. గేటు నుంచి ఒక నడి రోడ్డు, దానికి అటు నాలుగు, ఇటు నాలుగు వీధులు, అన్నీ గోడకు తగిలేవే అనుకుంటే: ముక్కలు 12, గేటుతో కలిపి చుక్కలు 13. అంటే 0.92. గోడ వెంబడి రెండు వైపులా వీధుల చివర్లు కలిపితే ముక్కలు 18 అవుతాయి, చుక్కలు అవే 13. ఇప్పుడు 1.38. మామూలుగా 1.4 ఉంటే బాగా కలిసిన వీధులంటారు. కానీ ఈ అంకెకొక్కదానికే మోసపోవద్దు, 1.38 వచ్చిన వెంచర్‌కీ గేటు ఒక్కటే ఉండొచ్చు. రెండు మూడు వెంచర్లు కలిపి లెక్కేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

రోడ్డు ఆగిన చోట మిగతావీ ఆగుతాయి. పైపు చివర నీళ్లు కదలక మట్టి పేరుకుంటుంది, క్లోరిన్ తగ్గుతుంది. సైడు కాలువకు బయటికి దారి లేకపోతే వాననీళ్లు చివరి ప్లాట్లలోకే వస్తాయి.

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ ఈ విషయంలో చూడదగ్గ ఊరు. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో సింజా, కిజితోన్యామా లాంటి చోట్ల ముందు వీధులు, ప్లాట్లు గీసి, తర్వాత జనం చేత ఇళ్లు కట్టించారు. చాలా పేటల్లో మాత్రం ఇళ్లే ముందు లేచాయి. దశాబ్దాల తర్వాత పరిశోధకులు పోల్చి చూస్తే, ముందుగా వీధులు గీసిన చోటే ఇళ్లు మెరుగ్గా ఉన్నాయి. ఇళ్లు లేచాక దారి తియ్యాలంటే కొట్టెయ్యాలి, పరిహారమివ్వాలి.

మన దగ్గర ఇంకా పొలాలు మిగిలే ఉన్నాయి. రెండు వెంచర్ల మధ్య 12 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున నడకదారి వదిలితే పొయ్యేది 720 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 10 అంకణాలు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు గిఫ్ట్ డీడ్‌తో (దానపత్రంతో) స్థానిక సంస్థకే చెందుతాయి కాబట్టి, రోడ్డుకు అడ్డం కట్టిన గోడ తీయమని అడిగే హక్కు కొన్నవాళ్లకు ఉంది.

అన్నిటికన్నా విలువైనవి పాత డొంకలు. పొలాల మధ్య నుంచి ఊరికీ ఊరికీ కలిసే బండి దారులవి. గ్రామ పటంలో ఉంటాయి, నేల మీద మాత్రం కంపచెట్లు మొలిచి, పక్క ప్లాట్లలో కలిసిపోతుంటాయి. ప్లాటు కొనేముందే గ్రామ సచివాలయం సర్వేయర్ దగ్గర గ్రామ పటం, ఆ సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం హద్దులు, కొలతలు చూపే పటం) చూడండి. హద్దులో డొంక కనబడితే, వెంచర్ రోడ్డు దాంట్లోకి తెరుచుకుంటుందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.