కిడ్నీ క్యాన్సర్ ట్రయల్‌కి వెళ్లేముందు ఫైలు ఎలా సిద్ధం చేశానంటే

నాన్నగారికి కిడ్నీ తీసేశాక ఆయన్ని క్లినికల్ ట్రయల్‌కి చూపించే పని నేను చూసుకున్నాను. అన్నిటికన్నా ఎక్కువ టైము పట్టింది కాగితాలకే.

ముందు బయాప్సీ రిపోర్టు. 'రీనల్ సెల్ కార్సినోమా' (కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువమందికి వచ్చే రకం) అన్న ఒక్క ముక్కతో ఏ ట్రయల్‌వాళ్లూ తీసుకోరు. క్లియర్ సెల్ రకమా, పాపిల్లరీయా, క్రోమోఫోబా? గ్రేడు (క్యాన్సర్ కణాలు ఎంత తీవ్రంగా మారాయో చెప్పే అంకె) 1 నుంచి 4లో ఎంత? గడ్డ చుట్టుపక్కల కొవ్వులోకి గానీ, రీనల్ వెయిన్ (కిడ్నీ నుంచి రక్తం తీసుకెళ్లే సిర)లోకి గానీ పాకిందా? సార్కోమటాయిడ్ మార్పులు (క్యాన్సర్ కణాలు మరింత ఉధృతమైన రూపంలోకి మారడం) ఉన్నాయా? మా రిపోర్టులో ఈ చివరిదాని ఊసే లేదు. లేదని రాయడం వేరు, అసలు రాయకపోవడం వేరు. పాథాలజిస్టును అడిగితే అవే స్లైడ్లు మళ్లీ చూసి అదనపు రిపోర్టు ఇచ్చారు.

తర్వాత బ్లాకులు. గడ్డ ముక్కల్ని మైనంలో పొదిగి ల్యాబ్‌లో దాస్తారు. పేషెంటు సంతకంతో లెటరు, గుర్తింపు కార్డు కాపీ, బయాప్సీ నంబరు పట్టుకెళ్లి అడగాలి. గడ్డ బాగా ఉన్న బ్లాకు నంబరేదో పాథాలజిస్టు చేత రాయించుకోండి. లేకపోతే మామూలు కిడ్నీ కణజాలం ఉన్న బ్లాకు చేతికొచ్చే ప్రమాదం ఉంది. రంగు వేయని స్లైడ్లు ముందే కోయించి దాచుకోవద్దు, పాతబడేకొద్దీ కొన్ని మార్కర్లు (గడ్డ స్వభావం చెప్పే పరీక్షలు) సరిగ్గా తేలవు. ఇంకో మాట: మన ఎండల్లో బ్లాకుల్ని కారు డ్యాష్‌బోర్డు మీద వదలకండి, మైనం మెత్తబడుతుంది.

సీటీ స్కాన్‌కి ఫిల్ములు చాలవు, డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు డిజిటల్ చిత్రాలు) ఉన్న సీడీ కావాలి. గడ్డల్ని కొలవడానికి 5 మి.మీ. లేదా అంతకన్నా పలచని స్లైసులు అడుగుతారు. జబ్బు వేరేచోటికి పాకినవాళ్లకైతే హిమోగ్లోబిన్, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్స్‌తో పాటు కాల్షియం కూడా చూసి రిస్కు లెక్కగడతారు. ఆ కాల్షియమే చాలా ఫైళ్లలో కనపడదు. దాంతోపాటు అల్బుమిన్ కూడా చేయించండి. అల్బుమిన్ తక్కువుంటే కాల్షియం ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

ఈ కాగితాలన్నీ తొందరగా సమకూర్చుకోవాలి, ఎందుకంటే గడువు ఉంటుంది. ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు (ఒంటి రోగనిరోధక శక్తి చేతే క్యాన్సర్‌తో పోరాడించేది) ఇచ్చి చూసిన కీనోట్-564 అనే ట్రయల్‌లో, సర్జరీ అయిన 12 వారాల లోపే చేరాలన్న నియమం ఉంది. 3 వారాలకోసారి 200 మి.గ్రా. చొప్పున 17 డోసుల వరకు ఇచ్చారు. ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి డోసు) తీసుకున్నవాళ్లకన్నా ఈ మందు తీసుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారని 2024లో తేలింది. అందుకే ఇప్పుడు ఆపరేషన్ తర్వాతి ట్రయల్ ఏదైనా, నా మొదటి ప్రశ్న: కొత్త మందు రాని గుంపుకి ఏమిస్తారు? పెంబ్రోలిజుమాబా, ఏమీ లేదా?

మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) వెబ్‌సైట్లో దొరుకుతాయి. 'రీనల్ సెల్ కార్సినోమా' అని వెతికి, భారత్‌లో ఇంకా పేషెంట్లను చేర్చుకుంటున్నారో లేదో చూడండి. సెంటర్ల జాబితాలో మీకు దగ్గరున్నది పట్టుకుని, ఆ సెంటరుకి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా అన్నది కూడా అక్కడే చూసుకోవచ్చు.

కన్సెంట్ ఫారం తెలుగులో అడగండి, ఇంటికి తెచ్చుకుని చదవండి, సంతకం పెట్టాక కాపీ తీసుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలని, నష్టపరిహారం ఇవ్వాలని మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ పేరాలు ఫారంలో ఎక్కడున్నాయో కోఆర్డినేటర్ చేత చూపించుకోవడం పేషెంటు హక్కు.

కిడ్నీ క్యాన్సర్ వ్యాక్సిన్ వచ్చేసిందని ఫార్వర్డులు తిరుగుతున్నాయి. 2025లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో ఉన్నది 9 మంది. ఎవరికీ జబ్బు తిరగబెట్టలేదన్నది నిజం, నాకూ అది చదివి ఆశ కలిగింది. కానీ పోల్చి చూడడానికి వ్యాక్సిన్ వేయని గుంపు అందులో లేదు. దాన్ని నమ్మి చేతిలో ఉన్న వైద్యం వాయిదా వేయొద్దు.

స్క్రీనింగ్‌కి వెళ్లేముందు ఇంట్లో వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చిన మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 10 మి.గ్రా. దాటితే చాలా ఇమ్యూనోథెరపీ ట్రయల్స్‌లో చేర్చుకోరు. అలాగని స్టెరాయిడ్‌ని మీ అంతట మీరే ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.